పదిహేడో అర

తాళంచెవి పోయిన పెట్టెలే నా దగ్గరికి వస్తాయి.
చెవి ఉన్న పెట్టెతో గుత్తిలో ఇమాంబీకి ఏం పని?

ఆదివారం గుంతకల్లు ప్యాసింజరు దిగి
దుప్పట్లో చుట్టి, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు
ఎత్తుకొచ్చినాడు కుళ్లాయప్ప.
రైల్వే ఆసుపత్రిలో ముప్పైరెండేండ్లు కంపౌండరు.
ఎర్రమందు, తెల్లమందు కలిపి కలిపి
వేళ్లకు ఇంకా ఆ వాసనే.

ఇది పన్నెండోది.
నాలుగు మంచం కింద ఉండాయంట, రెండు బీరువా మీద,
ఒకటి వంటింట్లో. అందులో భార్య చింతపండు దాచిందని
మూణ్ణెల్లు ఇద్దరికీ మాటల్లేవు.
జమ్మలమడుగులో ఒకటి దొరికినప్పుడు
అందులో కోడి పొదుగుతా ఉండిందంట.
పిల్లలు బయటికొచ్చేదాకా ఆగి, అప్పుడు కొన్నాడు.
పింఛనంతా పెట్టెల పాలని ఊరు నవ్వుతాది.
నేనూ నవ్వినా. కూలి మాత్రం ఎప్పుడూ బాకీ పెట్టలేదు.

ఇత్తడి మూలలు. మహాగని చెక్క.
మూత మీద రేకు, రేకు మీద పేరు.
ఎవరి బొటనవేలో రుద్ది రుద్ది
రెండక్షరాలే మిగిలినాయి.
తాళం లోపల తుప్పు కాదు, ఇసుక.
"పెన్నదా?" అన్నా.
"ఏ యేటిదో. గొలుసులతో భూమిని
కొలుచుకుంటా పోయినోళ్ల పెట్టె ఇది.
సముద్రం దాటి, మద్రాసులో దిగి,
ఆ తర్వాత ఎవరి నెత్తి మీదనో ఈ కొండల్లోకి."

కిరోసిన్ చుక్క. సన్న తీగ. చెవి ఆనించినా.
తాళాన్ని చూస్తే తెరుచుకోదు, వినాల.
మా ఆయన నాకు వదిలిపోయింది
ఈ మాట, ఈ అంగడి, కొంచెం అప్పు.

టక్.

పచ్చ మఖమలు, బూజు వాసన.
పదహారు గూళ్లలో పదహారు సీసాలు,
గాజు బిరడాలతో నోరు మూసుకొని.
బళ్లో హాజరు పిలిచినట్టు చదివినాడు:
క్వినైను. రేవలచిన్ని. నల్లమందు ద్రావకం.
పాదరసపు పొడి. ఆముదం.
"ఆముదమా? మన చేలల్లోదే కదప్పా!
ఓడెక్కిపోయి ఇంగ్లీషు నేర్చుకొని వచ్చిందా?"
ఆయన నవ్వలేదు. తక్కెడ చూస్తా ఉన్నాడు.
గోరంత తక్కెడ, జొన్నగింజను కూడా తూచేది.

పెట్టె బయటి కొలతకూ లోపలి కొలతకూ రెండువేళ్ల తేడా.
నా జానకు తెలిసిపోయింది.
"వెనక ఇంకో అర ఉండాది."
"ఉంటాది. విషాలు అందులో పెడతారు,
తెలియనోళ్ల చేతికి అందకుండా.
పదకొండింట్లోనూ చూసినా. ఖాళీ."

పలక జరిగింది.

సీసా లేదు.
గుడ్డపేలిక, మూడు ముళ్లు.
లోపల వసకొమ్ము, ఎండి బెండులా తేలికై.
వాము, చిటికెడు దుమ్ము.
పసుపు కొమ్ము, ఒక పక్క అరగదీసింది.

తెలియనోళ్ల చేయి.

మోసినవాడెవడో.
దొర నిద్రపోయినాక పలక జరపడం నేర్చినాడు,
నా మాదిరే, వేలితో, చెవితో.
పదహారింట్లో ఒక్కటీ తనదాకా రాదని తెలిసో,
వచ్చినా మింగలేకనో,
తన మందును విషాల చోట దాచుకున్నాడు.
వస అంటే మాట రాని బిడ్డకు
అరగదీసి నాలుక మీద రాసేది.
ఇంటికాడ అట్లాంటి బిడ్డ ఉండిందేమో.
జ్వరంలో తనకే మాట పడిపోతాదని భయమేమో.
నాకేం తెలుసు, తాళాలు తీసేదాన్ని.

"అసలు సామాను కాదిది," అన్నాడు కుళ్లాయప్ప మెల్లగా.
"ఇది ఉంటే ధర పడిపోతాది."
పారేయలేదు.
జేబులోంచి తెల్ల చీటీ తీసి
ఆసుపత్రిలో మాదిరే అడ్డగీత కొట్టినాడు.
రోగి పేరు దగ్గర కలం ఆగింది.

కోట నీడ అంగడి మెట్టు దాకా వచ్చింది.
చీటీని అట్లనే మడిచి పేలిక పక్కన పెట్టినాడు.
నేను పలక మూసినా.

"కూలి ఎంత?"
"తాళానికి నూటయాభై."
"మరి ఆ అరకి?"
"దాన్ని నేను తీయలేదప్పా.
ముందే ఎవరో తీసిపెట్టినారు."